ఆట మీద ప్రేమ, పరుపు మీద తగ్గింపు

నేను పరుపులు అమ్ముతాను. నెబ్రాస్కాలో మా ప్లమ్ ఫోర్క్ ఊళ్లో సగం మంది నా పరుపుల మీదే పడుకుంటారు. మిగతా సగం మంది ఎదురు దుకాణం గన్నర్ లిండ్‌క్విస్ట్ దగ్గర కొనుక్కుని, నడుం పట్టుకుని తిరుగుతుంటారని నా నమ్మకం.

నాకు ఆస్తి లేకపోయినా ఒక సిద్ధాంతం ఉంది. కాలేజీ పిల్లలకి ఆడినందుకు డబ్బివ్వకూడదు. ఇరవై ఏళ్లుగా మంగలి షాపులో దీని మీద ఉపన్యాసాలిస్తున్నాను. "ఆటంటే ప్రేమతో ఆడాలయ్యా! డబ్బు తగిలిందా, బంతి బరువెక్కుతుంది" అంటే అందరూ తలలూపుతారు. కత్తెర ఆడుతుండగా తలలూపొద్దని పాపం ఆ మంగలి మొత్తుకుంటూనే ఉంటాడు.

ఊళ్లో ఊపని తల ఒక్కటే ఉంది. అది మా ఆవిడ షార్లీన్‌ది.

"ఆ కాలేజీ కోచ్‌కి ఎంతిస్తున్నారో తెలుసా నీకు?" అంటుంది.

"ఆయనకి పెళ్లాం, పిల్లలు ఉన్నారే."

"టిక్కెట్ల డబ్బు ఒకడికి, చొక్కాల డబ్బు ఒకడికి, పాప్‌కార్న్ డబ్బు ఇంకొకడికి. చెమటోడ్చిన పిల్లలకి మాత్రం ప్రేమా?"

"ఆడినందుకు ఫీజు లేకుండా చదువు చెప్పిస్తున్నారుగా!"

"మన టెస్సాకి సగం ఫీజేగా మాఫీ చేసింది? మిగతా సగం కోసం తెల్లవారుజామున నాలుగింటికి లేచి డోనట్లు వేయిస్తోంది పిల్ల."

అది నిజమే. మా అమ్మాయి టెస్సా ఊరి కాలేజీలోనే వాలీబాల్ ఆడుతుంది. పొద్దున డోనట్లు, తర్వాత క్లాసులు, సాయంత్రం ప్రాక్టీసు. ఆదివారం మాసిన బట్టల మూటతో ఇంటికొచ్చి, చిల్లీ అనే మాంసం, చిక్కుడు గింజల కూర గిన్నెడు, పక్కన దాల్చినచెక్క రొట్టె తిని, ఎక్కడ కూలబడితే అక్కడే నిద్రపోతుంది. "కష్టపడితేనే పైకొస్తారు" అనేవాణ్ణి నేను. నేను లేచేది ఎనిమిదింటికి.

ఇంతలో రెండు సంగతులు జరిగాయి. కాలేజీ ఆటగాళ్లు తమ ఫోటో ప్రకటనలకి వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చని రూలు మారింది. అదే నెలలో టెస్సా ఒక మ్యాచ్‌లో బంతి కోసం స్కోరు రాసేవాళ్ల బల్ల మీదుగా ఎగిరి అవతల పడింది. బంతి దక్కింది, బల్ల విరిగింది. ఆ వీడియో ఊరూరా ఫోన్లలో తిరిగింది.

పాత విద్యార్థులంతా కాలేజీకి తిరిగొచ్చే హోమ్‌కమింగ్ శనివారం దగ్గర పడుతోంది. ఏడాది మొత్తం వ్యాపారం ఒకెత్తు, ఆ వారం ఒకెత్తు. గన్నర్ అప్పటికే ఫుట్‌బాల్ కుర్రాడొకణ్ణి సోఫాలో కూర్చోబెట్టి బోర్డు పెట్టించాడు. సిద్ధాంతం ప్రకారం నేను ఎవరికీ పైసా ఇవ్వకూడదు. అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. ఇంట్లోనే బంతాడే పిల్ల ఉంటే బయట వెతుక్కోవడం దేనికి?

ఆ ఆదివారం దుకాణంలోకెల్లా మంచి పరుపు తెచ్చి హాల్లో పరిచాను.

"ఏమిటిది?" అంది షార్లీన్.

"సోఫాలో పడుకుని పిల్ల మెడ పట్టేస్తోంది. తండ్రి మనసు, ఊరుకోలేకపోయాను."

"నీకు మనసెప్పుడొచ్చింది?"

అంతలో టెస్సా వచ్చింది, పరుపు చూసింది, "నాన్నా, నాకోసమా!" అని నన్ను వాటేసుకుంది. కాస్త సిగ్గుపడ్డాను గానీ, వ్యాపారంలో సిగ్గుకి చోటేది? రొట్టె సగంలో ఉండగానే పిల్ల నిద్రలోకి జారింది. షార్లీన్ బట్టలు ఉతకడానికి కిందికి వెళ్లగానే స్టూలెక్కాను. పై నుంచి తీస్తేనే పరుపు మొత్తం కనబడుతుంది మరి. రెండు ఫోటోలు తీసేసరికి స్టూలు ఒరిగింది. ఒక కాలు చిల్లీ గిన్నెలో, ఒక కాలు మా కుక్క నీళ్ల గిన్నెలో పడింది. కుక్క మొరిగింది, నేను అరిచాను, టెస్సా మాత్రం అటు నుంచి ఇటు తిరగలేదు. ఇంతకన్నా పరుపుకి ప్రచారం ఇంకేం కావాలి!

బ్యానరు వేసేవాడు ఫోటో చూసి పెదవి విరిచాడు. "చొక్కా మీద కాలేజీ కొంగ బొమ్మ ఉందే! అనుమతి లేకుండా ఆ గుర్తు వాడితే వాళ్ల లాయరు వస్తాడు."

"దాని మీద ఏదైనా అంటించెయ్" అన్నాను.

గురువారం పొద్దున దుకాణం ముందు బ్యానరు లేచింది. అందులో నోరు తెరుచుకుని, చేతిలో సగం రొట్టెతో నా కూతురు నిద్రపోతోంది. కొంగ ఉండాల్సిన చోట ఎర్రగా, పళ్లెమంత అక్షరాలు: నలభై శాతం తగ్గింపు. పదింటిలోగా పదకొండు ఫోన్లు వచ్చాయి. "డెల్మర్, తగ్గింపు పరుపుకా, పిల్లకా?" అని అందరిదీ ఒకటే ప్రశ్న. పాస్టరు గారు కూడా అడిగారు.

పదకొండింటికి గన్నర్ రోడ్డు దాటి వచ్చాడు. ఆరున్నర అడుగుల మనిషి, రోజుకి మూడు మాటలకన్నా ఎక్కువ వాడడు. ఒక కాగితం నా ముందు పెట్టాడు.

"చదువు."

చదివాను. టెస్సా ఏడాదిపాటు లిండ్‌క్విస్ట్ పరుపులకి తన ఫోటో ఇస్తుంది. వేరే ఏ పరుపుల ప్రచారంలోనైనా కనబడితే ఒప్పందం రద్దు. కింద టెస్సా సంతకం, దాని కింద ఏజెంటు సంతకం: షార్లీన్.

అక్షరాలు అలికినట్టయ్యాయి. ఫోను తీసేలోపే తల్లీ కూతుళ్లిద్దరూ లోపలికొచ్చారు.

"నువ్వు ఏజెంటువా?" అన్నాను.

"ఎవరో ఒకరు ఉండాలిగా. వాళ్ల నాన్న దగ్గర ప్రేమ తప్ప ఇంకేం లేదాయె."

"నాకొక్క మాట చెప్పాలా వద్దా?"

"నీకు చెబితే మంగలి షాపుకి చెప్పినట్టేగా!"

వెంటనే ఒక మాట తగిలించబోయాను. కానీ టెస్సా మొహం చూసి ఆగిపోయాను. ఆ పిల్ల కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. "నాన్నా, సోమవారమే డోనట్ల పని మానేశాను. మళ్లీ వెళ్లి అడగాలా?" అంది. కళ్ల కింద నల్లటి చారలు. స్టూలెక్కి ఫోటో తీసినవాణ్ణి, ఆ చారలు ఒక్కసారైనా చూశానా? నా మీద నాకే అసహ్యం వేసింది.

"బ్యానరు ఈ క్షణమే తీసేస్తాను. ఒప్పందం మాత్రం రద్దు చెయ్యకు గన్నర్, ఏం చెయ్యమంటే అది చేస్తాను" అన్నాను.

గన్నర్ షార్లీన్ వైపు చూశాడు. షార్లీన్ సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. రాసుకునే వచ్చింది!

"శనివారం గన్నర్ దుకాణం కిటికీలో, గన్నర్ పరుపు మీద, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నువ్వు పడుకుని కనబడాలి. రాత్రి పడుకునే చొక్కాతోనే."

"ఎంతిస్తారు?"

"ఇవ్వరు. ప్రేమతో పడుకో" అంది.

శనివారం పడుకున్నాను. హోమ్‌కమింగ్ ఊరేగింపు మొత్తం నా ముందు నుంచే వెళ్లింది. బ్యాండువాళ్లు ఆగి మరీ వాయించారు. మంగలి షాపు మంగలితో సహా వచ్చి అద్దానికి ముక్కులు ఆనించింది. చెప్పకేం, పరుపు బ్రహ్మాండంగా ఉంది. పది నిమిషాల్లో గుర్రు పెట్టాను.

లేచేసరికి ఒక ముసలి జంట పరుపు అంచు నొక్కి చూస్తున్నారు. అలవాటైన నోరు, ఊరుకుంటుందా? స్ప్రింగుల గురించి, నడుం గురించి పడుకునే పావుగంట చెప్పాను. కొన్నారు. తర్వాత ఇంకొకళ్లు. మధ్యాహ్నానికి ఏడు పరుపులు వెళ్లిపోయాయి. గన్నర్ వచ్చి, "లేవకు డెల్మర్, పడుకో" అన్నాడు. ఆ రోజు మాటలన్నీ నా మీదే ఖర్చు పెట్టాడు.

మూడింటికి టెస్సా, షార్లీన్ వచ్చారు. టెస్సా తొమ్మిదిన్నర దాకా నిద్రపోయిందట. మొహం కడిగిన యాపిల్లా ఉంది. చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత షార్లీన్‌ని దగ్గరికి రమ్మని సైగ చేశాను.

"ఏడు అమ్మానే. గన్నర్‌తో ఒక మాట చెప్పి, నాకూ ఏదైనా..."

"ఏదైనా?"

"చెమటోడుస్తున్నాను మరి."

"ఏజెంటున్నాడా నీకు?"

అద్దం అవతల మంగలి షాపు మొత్తం చెవులు రిక్కించింది.

"నువ్వున్నావుగా" అన్నాను గొంతు తగ్గించి.

"నా వాటా పదిహేను శాతం."

"కట్టుకున్న మొగుడి దగ్గర కూడానా?"

షార్లీన్ కలం మూత తీసింది. టెస్సా నవ్వాపుకుంటూ కాగితం కదలకుండా పట్టుకుంది. నేను బోర్లా తిరిగి, గన్నర్ తలగడ మీదే పెట్టి సంతకం చేశాను.