సర్దార్ ఫోనుకొచ్చిన రోగాలు

ఆ సోమవారం పొద్దున మంజు పెట్టుకున్న పని నిజానికి చాలా చిన్నది. లౌతోకా పట్నంలో ఆమె పనిచేసే ప్రైవేటు క్లినిక్‌లో రోగుల వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేశారు. ఇక ఏ వయసువాళ్ళకు ఏ పరీక్ష ఎప్పుడు చెయ్యాలో అందులో నియమాలు పెట్టి, గడువు దాటినవాళ్ళ ఫోన్లకు మెసేజ్ వెళ్ళేలా చూడాలి. జబ్బు ముదరకముందే పట్టుకోవచ్చని డాక్టరుగారి ఆశ. ఒకరి జబ్బు సంగతి ఇంకొకరికి తెలియకూడదు కదా అని మంజు బాగా ఆలోచించి మెసేజుల్లోంచి పేర్లు తీసేసింది. బటన్ నొక్కి, టీ తాగడానికి వెళ్ళింది.

అక్కడికి దగ్గర్లోని ద్రాసా పల్లెలో అదే సమయానికి మునస్వామి వరండాలో కూర్చుని చెరకు కత్తి నూరుకుంటున్నాడు. చెరకు నరికే ముఠాకు ఆయన సర్దార్. ఆ చుట్టుపక్కల జనం ఆఫరు దొరికినప్పుడల్లా సిమ్ మార్చేస్తారు. మారని నంబరు సర్దార్‌దొక్కటే. అందుకని బళ్ళో అడిగినా, క్లినిక్‌లో అడిగినా అందరూ ఆయన నంబరే చెబుతారు. క్లినిక్‌వాళ్ళు ఫోన్ చేసి "రాజ్‌కుమారిని పంపండి" అంటే, ఈయన వరండాలోంచి ఒక్క కేక వేస్తాడు, రాజ్‌కుమారి బయల్దేరుతుంది. అదంతా ఆయనకు మహా గొప్పగా ఉండేది. తను మాత్రం క్లినిక్ గడప తొక్కి ఎరగడు. మీదికొచ్చే ఎద్దును కొమ్ములు పట్టుకుని ఆపే మనిషి, సూది మాట వింటే చెమటలు కక్కుతాడు.

ఫోన్ మోగింది. "మీ షుగర్ పరీక్ష గడువు దాటింది. వెంటనే రండి." ఆయన ఇంకా కూడబలుక్కుని చదువుతుండగానే ఇంకోటి వచ్చింది, మూత్రపిండాల పరీక్షట. తర్వాత కళ్ళు, తర్వాత పాదాలు. మునస్వామి కత్తి పక్కన పడేశాడు.

"ముకేష్! ఒరే, ఇట్రా! క్లినిక్‌వాళ్ళు ఎప్పుడూ పేరు చెప్పి పిలుస్తారు. దీంట్లో పేరు లేదు. నాకేనా ఇది?"

ముకేష్ ఆయన బావమరిది. నౌసోరి నుంచి చుట్టపుచూపుగా వచ్చాడు. అక్కడి మార్కెట్‌లో మందుల షాపు ముందు వంకాయలు అమ్మిన అనుభవంతో వైద్యం మాట్లాడుతుంటాడు. ఫోన్ తీసుకుని కళ్ళు చికిలించాడు.

"పేరు లేదంటే ఫోన్ ఎవరిదో వాళ్ళకే బావా. సీదా మాట."

"నేనెప్పుడూ అక్కడికి పోలేదు కదరా! వాళ్ళకెట్లా తెలిసింది?"

"ఇప్పుడు కంప్యూటర్ వచ్చింది. దానికి అంతా మాలూమ్."

మళ్ళీ మోగింది. ముకేష్ చదివి గొంతు సవరించుకున్నాడు. "రొమ్ము పరీక్ష."

"నాకా?"

"మగాళ్ళకీ వస్తుంది బావా. రేడియోలో చెప్పారు."

తర్వాతది ఏడాది నిండిన పిల్లలకు వేసే టీకా. మునస్వామి ఏడుపు గొంతుతో, "నాకు అరవై దాటాయి కదరా!" అన్నాడు.

"చిన్నప్పుడు ఎగ్గొట్టి ఉంటావు. ఇప్పుడు దొరికిపోయావు."

ఆ తర్వాత గర్భిణులకు చేసే రక్తపరీక్ష వచ్చింది. ముకేష్ దాన్ని రెండుసార్లు చదివాడు. "ఇదొక్కటి మాత్రం కంప్యూటర్ పొరపాటు. మిగతావన్నీ నిజమే," అని తేల్చేశాడు.

మునస్వామికి కొన్నాళ్ళుగా కాళ్ళు తిమ్మిరెక్కడం, ఊరికే దాహం వెయ్యడం ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ ఎండ అనుకున్నాడు. వెళ్ళి మంచమెక్కి దుప్పటి ముసుగు పెట్టేశాడు.

"ఏమయ్యా, క్లినిక్‌కి పోదాం పద," అని భార్య బాలమ్మ బతిమాలింది.

"పోను! మా నాయన నడిచిపోయిండు ఆస్పత్రికి. నలుగురు మోసుకొచ్చిండ్రు. పోతే ఈ మంచం మీదే పోతా."

బాలమ్మ మంచం పక్కన కూలబడింది. ముప్పయ్యేళ్ళుగా పోట్లాడుతున్న మనిషి ఇప్పుడు పోతే తను ఎవరితో పోట్లాడాలి? వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు పక్కింటికి, పక్కింటినుంచి చెరకు తోటలోకి పాకింది. సాయంత్రానికి ముఠా అంతా వాకిట్లో చేరింది. మత్తిచ్చే యాంగోనా వేరు దంచి, గిన్నెలో నీళ్ళు పోసి కలిపి, కొబ్బరి చిప్ప ఒకరి చేతినుంచి ఒకరికి అందిస్తూ గుసగుసలాడారు. ముఠా పెత్తనం ఎవరికి పోతుందన్న మాట కూడా మెల్లిగా లేచింది. మునస్వామికి లోపలికి అంతా వినిపిస్తూనే ఉంది.

అక్కడ క్లినిక్‌లో మంజుకు ఇంకో రకం భయం పట్టుకుంది. మంగళవారం మధ్యాహ్నం దాకా ఒక్క మనిషి రాలేదు. "అన్ని మెసేజులు పంపావు, ఒక్కరూ రారేం?" అని డాక్టరుగారు అడిగారు. ఉద్యోగం ఊడుతుందేమోనని హడలిపోయి, వచ్చేదాకా పొద్దునా సాయంత్రం గుర్తుచేస్తూనే ఉండేలా నియమం మార్చేసింది.

మంగళవారమంటే ఊరివాళ్ళు చేరి రామాయణం పాడుకునే మండలి రోజు. ఈసారి మునస్వామి ఇంట్లోనే పెట్టారు. ఢోలక్ అందుకుంది, పాట మొదలైంది. సరిగ్గా అప్పుడే దేవుడి పటం పక్కనున్న ఫోన్ టింగుమంది. ఆగకుండా టింగుటింగుమంటూనే ఉంది. పాట ఆగింది, ఢోలక్ ఆగింది. ముకేష్ ఫోన్ చూసి, "అన్నీ మళ్ళీ వచ్చాయి," అన్నాడు. "రాత్రికి రాత్రి ముదిరినట్టుంది."

"అరే బాప్‌రే! ఇంక ఆగితే సర్దార్ ఖలాస్!" అని ముఠావాళ్ళు ఒక నిర్ణయానికొచ్చారు. తెల్లారగానే మునస్వామిని మంచంతో సహా చెరకు లారీ ఎక్కించారు. ఆయన మంచం పట్టె పట్టుకుని, "వద్దురా, మీకు దండం పెడతా," అని దారంతా మొత్తుకుంటూనే ఉన్నాడు. వెంట ద్రాసా సగం ఎక్కింది.

లారీని కిటికీలోంచి చూసిన మంజుకు ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తుకెళ్ళి, "రండి రండి! అందరూ ఒకేసారి వచ్చారే!" అని మొహం చేటంత చేసుకుంది.

"సిగ్గు లేదా అమ్మాయీ? మా ఆయన చస్తుంటే నవ్వుతావా?" అని బాలమ్మ ఆమె మీద విరుచుకుపడింది.

మంజు బిక్కచచ్చిపోయి ఫోన్ తీసుకుంది. మెసేజులు చూసింది. లోపలికి పరుగెత్తి కంప్యూటర్ చూసింది. పేర్లన్నీ వేరువేరు, నంబరు మాత్రం ఒకటే. చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"మామా, ఇవేవీ మీవి కావు. రొమ్ము పరీక్ష రాజ్‌కుమారిగారిది, షుగర్ మునియ్యగారిది... వీళ్ళంతా మీ నంబరే ఇచ్చారు. మీ పేరు అసలు మా దగ్గర లేనేలేదు. పేర్లు తీసేసి తప్పు చేశాను. క్షమించండి మామా."

మునస్వామి మంచం మీంచి ఒక్క దూకు దూకాడు. "బతికానే బాలమ్మా! నాకేం లేదు!" అని అరిచాడు. ముఠా ఈలలు వేసింది. ముకేష్ ఎవరికీ కనబడకుండా లారీ వెనక్కి వెళ్ళాడు. జనమంతా నవ్వుకుంటూ పరీక్షలకు వరస కట్టారు.

"మీరూ ఒక చుక్క రక్తం ఇవ్వండి మామా, వచ్చారు కదా," అంది మంజు. ఆ సంబరంలో మునస్వామి వేలు చాపేశాడు. సూది గుచ్చిన సంగతే ఆయనకు తెలియలేదు.

మీటరు చూసిన నర్సు విమ్లా ఇంకో వేలు అడిగింది. తర్వాత వెళ్ళి డాక్టరును పిలుచుకొచ్చింది. ఆ రోజు పరీక్ష చేయించుకున్న వాళ్ళందరిలోకీ షుగర్ ఎక్కువున్నది మునస్వామికే. చెప్పు విప్పిస్తే బొటనవేలి కింద పుండు ఉంది. తిమ్మిరి వల్ల ఆయనకు అది తెలియనే లేదు.

"ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఈ కాలు పోయేది," అన్నాడు డాక్టరు. బాలమ్మ మంజు చేతులు పట్టుకుంది. ఇందాక తిట్టిన నోటితోనే ఆమెను దీవించింది.

ఆ వారమే మంజు అందరి సొంత నంబర్లూ రాసుకుంది. మెసేజుల్లో పేర్లు మళ్ళీ పెట్టింది. మునస్వామి మందులు వాడుతున్నాడు, పుండు మానుతోంది, భయం కూడా పోయింది. కంప్యూటర్ ఏం పంపినా అది ఇంకెవరిదోలే అని ఇప్పుడాయన లెక్కచెయ్యడు. నెల తిరిగాక వరండాలో కూర్చున్న ఆయన ఫోనుకు మొదటి మెసేజ్ వచ్చింది: "మునస్వామిగారూ, మీ షుగర్ పరీక్షకు రండి."

"బాలమ్మా, ఎవరో మునస్వామికి షుగరట, పాపం!" అని లోపలికి కేకేసి ఫోన్ పక్కన పెట్టేశాడు.

ద్రాసాలో ఆ పేరుతో ఇంకెవరూ లేరు.