బతికున్నట్టు సంతకం

ఆ రోజు అల్లుడు ఆఫీసుకు సెలవు పెట్టింది కొత్త ఫోన్ కోసం. అతను బీమా ఆఫీసులో గుమస్తా. తోటివాళ్లు అతనికి పెట్టిన పేరు అప్‌డేట్. ఏడాదికో ఫోన్ మార్చడం వ్యసనమని భార్య అంటుంది, బాధ్యత అని అతనంటాడు. కొత్తది వచ్చినప్పుడు ఎవరో ఒకరు వాడి చూడకపోతే లోకం ముందుకెలా పోతుందన్నది అతని వాదన. మనిషికి వయసొస్తుంది, ఫోన్‌కి వెర్షనొస్తుంది, రెండోదే మేలని కూడా అంటుంటాడు.

ఈసారి ఫోన్‌కి మూడు గొప్పలున్నాయి. కెమెరా మొహంలోని లోపాలను తనంతట తనే సవరిస్తుంది. తెరను వేలితో తాకనక్కర్లేదు, కావలసిన దాని మీద చూపు నిలిపితే నొక్కినట్టే. పైగా ఇంట్లో మాటలన్నీ వింటూ ఉండి, చెయ్యాల్సిన పనేదైనా చెవిన పడితే అడక్కుండానే రాసిపెట్టుకుంటుంది. ఆ మూడోది విన్నప్పుడు అత్తగారు, "అయితే ఇంట్లోకి ఇంకో ఆడపడుచు వచ్చిందన్నమాట" అన్నారు.

ఆవిడ ఆస్పత్రిలో ముప్ఫై ఆరేళ్లు నర్సుగా చేసి రిటైరయ్యారు. నాడి పట్టుకుని ఎవరున్నారో ఎవరు పోయారో చెప్పడం ఆవిడ ఉద్యోగంలో భాగం. ఇప్పుడు ఏటా ఒకసారి పెన్షన్ ఆఫీసుకు వెళ్లి, తాను బతికే ఉన్నానని రిజిస్టర్లో సంతకం పెట్టాలి. ఈ ఏటికి ఆ రోజే ఆఖరు. ఆవిడ ముందురోజే బట్టలు ఇస్త్రీ చేసి పెట్టుకున్నారు.

నిజానికి ఆ ప్రయాణం సంతకం కోసం కాదు. ఆస్పత్రిలో కలిసి పనిచేసినవాళ్లు ఏటా ఆ ఆఖరి రోజునే, సరిగ్గా పదింటికి, ఆఫీసు బయట బెంచీ మీద చేరతారు. మొదట్లో పదకొండు మంది, ఇప్పుడు ఐదుగురు. ముందుగా ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. ఎవరైనా రాకపోతే లోపలికెళ్లి రిజిస్టర్ చూసుకుని, ఆ ఇంటికి బయల్దేరతారు. ఏడాది మొత్తంలో అత్తగారు తనకోసం చేసుకునే పని అదొక్కటే. ఆవిడ చెప్పలేదు, అల్లుడు అడగలేదు.

"ఎండలో అంత దూరం దేనికి అత్తయ్యగారూ? నా ఫోన్‌కి మొహం చూపించండి చాలు. మీరు బతికున్నట్టు రెండు నిమిషాల్లో తేల్చేస్తుంది" అన్నాడతను పొద్దున్నే.

"నడిచి వెళ్తే ఇంకా గట్టిగా తేలుతుంది కదా బాబూ" అన్నారావిడ. కానీ అల్లుడి ముచ్చట కాదనలేక, ఇస్త్రీ బట్టలతోనే కుర్చీలో కూర్చున్నారు. నిరుటి తన ఫోన్ ఆవిడకిచ్చేద్దామని అతను అప్పటికే ఆవిడ బటన్ల ఫోన్ విప్పి సిమ్ తీశాడు. అది ఆ ఫోన్ అరలో పట్టలేదు. తర్వాత చూద్దామని బల్ల మీద పెట్టాడు.

కొత్త ఫోన్ అత్తగారి డెబ్భై ఒక్కేళ్ల మొహాన్ని చూసి, ముడతలన్నీ దులిపేసి పెన్షన్ ఆఫీసుకు పంపింది. ఈమె ఆమె కాదని జవాబు వచ్చింది. అల్లుడు దీపం వేసి మళ్లీ తీశాడు. ఫోన్ ఇంకో పదేళ్లు తగ్గించింది. మూడోసారి తెర మీద కనిపించిన మనిషిని చూసి అత్తగారే, "ఎవరీ అమ్మాయి?" అని అడిగారు.

మూడుసార్లు తప్పాక, మొహం సరిపోకపోవడానికి కారణం చెప్పమంటూ ఓ జాబితా వచ్చింది. పరాయి ఊళ్లో ఉన్నారు, జబ్బుగా ఉన్నారు, మరణించారు. చచ్చిపోయిన మనిషి వచ్చి మొహం చూపిస్తుందా అని అల్లుడు ఆశ్చర్యపోయి ఆ మూడో మాటనే చూస్తూ ఉండిపోయాడు. చూపు నిలిపితే నొక్కినట్టే. "మీ సమాధానం నమోదైంది. మా ప్రగాఢ సానుభూతి" అని తెర మీద వచ్చింది.

సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, ఫిర్యాదు పెన్షనరే స్వయంగా చెయ్యాలంది ఓ మరగొంతు. ఫోన్ అత్తగారికిచ్చాడు. ఆవిడ ఓపిగ్గా పెన్షన్ నంబరు చెప్పారు. ఆ నంబరు గల వ్యక్తి మరణించారనీ, మరణించినవారి ఫిర్యాదులు తీసుకోవడం కుదరదనీ ఆ గొంతు అంతే ఓపిగ్గా చెప్పింది.

"ఇన్నేళ్ల సర్వీసులో నేనెవర్నీ ఇంత తొందరగా పంపలేదు బాబూ" అన్నారు అత్తగారు. తర్వాత గడియారం వైపు చూశారు. పదకొండు కావస్తోంది. "వాళ్లు ఈపాటికి లోపలికెళ్లి చూసుంటారు."

ఎవరని అతనడిగాడు. ఆవిడ బెంచీ సంగతి చెప్పారు. పదకొండు మంది ఐదుగురెలా అయ్యారో ఒక్కొక్కరి గురించీ చెప్పారు. అల్లుడు ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టేశాడు. ఆ ఇంట్లో ఏ ఫోన్‌కీ అంతకుముందు ఆ గతి పట్టలేదు. అతనికి నిజంగా సిగ్గేసింది.

ఈలోగా ఆ ప్రగాఢ సానుభూతి, పెన్షన్ కాగితాల్లో వారసురాలిగా నంబరున్న అతని భార్యకు కూడా, బళ్లో లెక్కలు చెబుతుండగా చేరింది. ఆమె తల్లికి ఫోన్ చేస్తే పలకలేదు, సిమ్ బల్ల మీదుంది. మొగుడికి చేస్తే మోగలేదు. ఇంట్లో మరణం నమోదైంది కాబట్టి కొత్త ఫోన్ దానంతటదే మౌనం పాటిస్తోంది.

చేతికి సుద్దపొడితోనే ఆమె పరుగున వచ్చింది. తల్లి గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ కనిపించింది. కూతురు తల్లిని గట్టిగా పట్టుకుంది. అత్తగారు అలవాటుగా కూతురి మణికట్టు అందుకున్నారు.

"నూట ముప్ఫై కొడుతోంది. కూర్చుని నీళ్లు తాగు" అన్నారు.

కూతురు నీళ్లు తాగి, భర్త వైపు తిరిగి చూసింది. అదృష్టవశాత్తూ ఫోన్ బోర్లా ఉంది. లేకపోతే ఆ చూపుకి ఏదో ఒకటి నొక్కుకుపోయేది.

అప్పుడే తలుపు చప్పుడైంది. అత్తగారే తీశారు. బయట నలుగురు ముసలివాళ్లు, వెనక రిజిస్టర్ పట్టుకుని పెన్షన్ గుమస్తా. ఒకప్పుడు ఎక్స్‌రేలు తీసిన పెద్దాయన చేతిలో పూలున్నాయి. ఎవరికివ్వాలో తెలియక ఆవిడకే ఇచ్చాడు. మందుల గదిలో పనిచేసినావిడ గడప మీదే కూలబడి ఏడ్చింది.

"నిరుడు బెంచీ మీద నీతో పోట్లాడి వెళ్లిపోయాను. తప్పు నాదేనని చెప్పలేకపోయానే అని దారంతా ఏడుస్తూ వచ్చాను."

"ఇప్పుడు చెప్పు, వింటున్నాగా" అని అత్తగారు ఆమె పక్కనే గడప మీద కూర్చున్నారు. ఆమె చెప్పింది. ఆవిడ మొత్తం విన్నారు, ఒక్కచోట కూడా అడ్డు రాలేదు. ఇద్దరి కళ్లూ తడిశాయి.

గుమస్తా వచ్చింది మరణం పద్దు మీద ఇంటివాళ్ల సంతకం తీసుకోవడానికి. మనిషిని ఎదురుగా చూశాక యంత్రం మాట వినక్కర్లేదని నిబంధన ఉందంటూ, ఆ పేజీ తిప్పేసి బతికున్నవాళ్ల పేజీ తెరిచాడు. అత్తగారు సంతకం చేశారు. అప్పుడు తెలిసింది, మిగతా నలుగురూ ఆ కంగారులో తమ సంతకాలే మరిచిపోయి వచ్చేశారని. అందరూ ఆ బల్ల చుట్టూ చేరి బతికున్నట్టు రాసిచ్చారు. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. అల్లుడు వంట చేశాడు, సాయంత్రం దాకా మాటలు సాగాయి. ఏటా బెంచీ మీద దొరికేది అరగంటే.

అందర్నీ సాగనంపి వచ్చాక అల్లుడు తల వంచుకుని, ఫోన్ వెనక్కిచ్చేస్తానన్నాడు.

"వద్దు బాబూ" అన్నారు అత్తగారు, పూలు నీళ్లలో పెడుతూ. "వచ్చే ఏడు కూడా ఫోన్లోనే కానిద్దాం. కాకపోతే నన్ను ఇంకాస్త పెందలాడే చంపండి, వాళ్లు టిఫిన్ వేళకి వస్తారు."

బల్ల మీద బోర్లా ఉన్న ఫోన్ పొద్దుట్నించీ పాటిస్తున్న మౌనం వీడి, "అలాగే, ఏటా ఉదయం ఏడింటికి గుర్తుచేస్తాను" అంది.