బొచ్చె పిల్లల అద్దె తండ్రి

గొడ్రాలిని కట్టుకుని వంశం లేకుండా పోయిన సైదు పోలయ్యను అరవై మూడో ఏట మత్స్యశాఖ వారు బొచ్చె చేపలకు అద్దె తండ్రిగా ఎంపిక చేశారు. గొడ్రాలన్నది కొల్లేటి ఒడ్డున ఆ ఊరంతా ఒప్పుకున్న సంగతి. భార్య నాంచారమ్మ కూడా ఒప్పుకునే, నాలుగేళ్ల కిందట పోయింది.

ఎంపిక పద్ధతిగానే జరిగింది. బొచ్చె ఎదిగి గుడ్డుకు రావడానికి మూడేళ్లు పడుతుంది. అంతకాలం ఆగలేక దాని బీజకణాలు తీసి, సొంత బీజం లేని చిన్న చేపల్లో పెడతారు. అవి ఏడాది తిరక్కుండా బొచ్చె పిల్లల్ని కంటాయి. వాటిని అద్దె తల్లిదండ్రులంటారు. ఆ ఏడాది చిన్న చేపలకు తెగులు తగిలింది. సొంత సంతానం లేనివి, చెరువు నీళ్లకు అలవాటు పడినవి ఉంటే పంపమని పంచాయతీకి కాగితం వచ్చింది. చేపలే కావాలని అందులో ఎక్కడా లేదు. పంచాయతీ వాళ్లు పోలయ్య పేరు రాసి పంపారు.

పోలయ్య కాదనలేదు. ఇంట్లో పలకరించే మనిషి లేదు. పిల్లలు పుడతారన్నారు. ఏ పిల్లలని అడగాలని అతనికి తోచలేదు.

బీజం ఎక్కించే ముందు లోపలున్న సొంత బీజాన్ని మందుతో పోగొట్టాలి. దానికి మూడు వారాలు. లేబొరేటరీలో కల్యాణి మేడం పరీక్ష చేసి, మందు అక్కర్లేదంది.

"మీలో బీజం పుట్టుకతోనే లేదండి."

"లేదంటే?"

"మీకు పిల్లలు పుట్టే వీలు ఏనాడూ లేదు. మా పనికి ఇలాంటి వాళ్లే కావాలి. మూడు వారాలు కలిసొచ్చింది."

కొల్లేటి మీద చెరువులున్న వాళ్లకో నమ్మకం ఉంది. చేపపిల్లను వదిలే రోజు గొడ్రాలు చెరువు గట్టు ఎక్కితే పిల్ల బతకదు. ముప్పై ఏళ్లు ఆ రోజున నాంచారమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. బయట గడియ పెట్టింది పోలయ్యే. ఒక్కసారి, పెళ్లయిన ఆరో ఏట, ఇద్దరం ఏలూరు వెళ్లి డాక్టరుకు చూపించుకుందామని అడిగింది. నాకేం రోగమని అతను రెండు రోజులు అన్నం మానేశాడు. ఆమె మళ్లీ అడగలేదు.

పోలయ్య బల్ల మీంచి లేచి గుమాస్తా దగ్గరికి వెళ్లాడు. ఫారంలో సంతానం లేకపోవడానికి కారణం అన్నచోట పంచాయతీ వాళ్లు 'భార్య' అని రాసి సీలు వేసి ఉంది. మేడం వేరేగా చెప్పిందన్నాడు.

గుమాస్తా శ్రద్ధగా విన్నాడు. "కారణం మార్చాలంటే కారణంగా చూపించిన మనిషి వచ్చి సంతకం పెట్టాలి పోలయ్య గారూ."

"ఆవిడ పోయింది."

"అయితే ఆవిడకి అభ్యంతరం లేనట్టే."

పోలయ్య డొక్కలో చిన్న గాటు పెట్టి బొచ్చె బీజం ఎక్కించారు. ఆషాఢంలో బీజం విడుదలయ్యే సూది వేసి, నీళ్లు సుడి తిరిగే గుండ్రటి సిమెంటు తొట్టిలో ఆడ బొచ్చెల మధ్య మెడలోతున కూర్చోబెట్టారు. మర్నాటికి నాలుగు లక్షల పిల్లలయ్యాయి. తండ్రి పేరున ధ్రువపత్రం ఇచ్చారు. ఊళ్లో దండ వేశారు. మగాడనిపించుకున్నావని పెద్దలు భుజం తట్టారు. ఆడది సరైందైతే ఈ పని ఎప్పుడో అయ్యేదని కూడా అన్నారు. పోలయ్య తలూపాడు. ఎవరి మాటకు ఊపుతున్నాడో అతనికి తెలియలేదు.

పిల్లను చెరువులో వదిలే రోజు నాంచారమ్మ చెల్లెలు ఆదెమ్మ వచ్చింది. జనం పక్కకు జరిగారు.

"బావా, నిన్ను పరీక్ష చేశారంట గదా. లోపం మా అక్కదేనా?"

పోలయ్య చేపపిల్లల సంచిని గట్టు మీద దించాడు.

"మా అమ్మ మంచంలో ఉంది. ఇయ్యాలో రేపో. నా కూతురు గొడ్డుది కాదని ఒక్కమాట విని పోద్ది. ఈ జనం ముందు చెప్పు, చాలు. నిన్ను ఏమీ అనను."

ప్లాస్టిక్ సంచిలో వేల నోళ్లు ఒకేసారి తెరుచుకుని మూసుకున్నాయి. పోలయ్య వాటిని చూశాడు. మేడం చెప్పినదానికి సీలు లేదు. పంచాయతీ రాసినదానికి ఉంది. రెండూ నిజమై ఉంటాయా అని కాసేపు తికమకపడ్డాడు. తను చెబితే ఈ పిల్లలకు తండ్రి ఎవరవుతాడో అదీ అర్థం కాలేదు. దండ ఇంకా మెడలోనే ఉంది.

"కాగితంలో ఏముంటే అదే," అన్నాడు.

ఆదెమ్మ అతని మొహం చూస్తూ నిలబడింది. "కాగితం సంగతి కాదు బావా. నువ్వు చెప్పు."

"చెప్పడానికేం లేదు. ఈ ఊసు ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను."

సంచి మూతి విప్పి పిల్లల్ని నీళ్లలోకి వదిలాడు. ముసలామె మూడో రోజున పోయింది. కబురు తెచ్చిన మనిషితో పోలయ్య వానల గురించి మాట్లాడాడు, చెరువులో మేత గురించి మాట్లాడాడు. ఆ సంగతి మాత్రం, అన్నట్టే, మళ్లీ ఎవరి దగ్గరా మాట్లాడలేదు.