ఆరు నెలల్లో లీడర్

ఆ సోమవారం పొద్దున పళ్లు తోముకుంటూ కమలాకర్ తన జీవితాన్ని ఆరు నెలల్లో మార్చేయాలని తీర్మానించాడు. ఇలాంటి తీర్మానాలు అతనికి కొత్త కాదు. మామూలుగా నోరు పుక్కిలించేసరికి అవి కూడా కొట్టుకుపోయేవి. ఈసారి మాత్రం నిలిచింది, ఎందుకంటే ఆ ప్లాను ఆఫీసులో చెప్పడానికి గడువు శుక్రవారమే.

కమలాకర్ హైదరాబాదు కంపెనీలో ప్రొడక్ట్ డిజైనర్. ఇళ్లకు కూరగాయలు పంపే యాప్‌లో ఏ బటన్ ఎక్కడుండాలో, ఏ రంగులో ఉండాలో తేల్చేది అతనే. కరోనా నాడు పాలమూరు పక్కనున్న సొంతూరికి వచ్చి, ముందుగదిలో టేబుల్ వేసుకుని అక్కడే పాతుకుపోయాడు. “ఫోన్ల బొమ్మలు గీస్తడు” అని తల్లి ఈదమ్మ అందరికీ చెప్పేది. ఆమె ఉపాధి హామీ పనికి మేటు. రోజూ అరవై మందిని కాలువ పూడికతీతకు వెంటబెట్టుకుపోయి, కొలతలేసి, తగువులు తీర్చి, హాజరు ముస్టరు నింపి ఇల్లు చేరేది. దాన్ని నాయకత్వం అంటారని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అందుకే చక్కగా చేసుకుపోయేది.

డిజైన్ లీడ్ పోస్టు కమలాకర్‌కు రెండుసార్లు అందినట్టే అంది జారిపోయింది. రెండోసారి తన్నుకుపోయినవాడు రాకేష్. ఆ రాకేష్‌కు పని నేర్పింది కమలాకరే. ఇప్పుడు మేనేజరైన రాకేష్ ఫోన్లో జాలిపడ్డాడు: “నీ పనికి వంక లేదు భాయ్, గానీ నీ లోపల లీడరు కనిపిస్తలేడు. శుక్రవారం కంపెనీ పెద్ద మేడం ముందర నీ ప్లాను చెప్పు. గీసారి పోతే మల్ల అడగకు.”

నెట్‌లో పాఠాలు చెప్పే ఒక గురువు దీనికి ఉపాయం చెప్పాడు. లక్ష్యాన్ని మాతృభాషలో, పెద్దక్షరాలతో, నలుగురికీ కనబడేలా గోడకు అంటించాలట. కమలాకర్ చార్టు తెచ్చి, బటన్లకు వాడే శ్రద్ధంతా వాడి రాశాడు: “ఆరు నెలల్లో లీడర్ కావాలి. ఒకటి, జనంలోకి పోవాలి. రెండు, వాళ్ల కష్టాలు రాసుకోవాలి. మూడు, మద్దతు కూడగట్టాలి.” జనం అంటే యాప్ వాడేవాళ్లు. మద్దతు అంటే మేడం మద్దతు. ఆ వివరం మాత్రం చార్టు మీద లేదు.

పంచాయతీ ఎన్నికల ప్రకటన నేడో రేపో అని ఊరంతా చెవులు నిక్కబొడుచుకుని ఉన్న రోజులవి. అరువు తీసుకున్న నిచ్చెన ఇచ్చిపోదామని వచ్చిన ఫ్లెక్సీ షాపు సైదులు చార్టు చదివి, నిచ్చెన అక్కడే వదిలేసి కమలాకర్‌ను వాటేసుకున్నాడు.

“అన్నా! ఇన్ని దినాలు కడుపుల దాచుకున్నవా?”

“నీ మద్దతు గూడ ఉండాలె సైదులూ” అన్నాడు కమలాకర్ మర్యాదకు.

“పానం ఇస్త!” అని సైదులు చార్టును ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

అదే పూట కమలాకర్ తల్లినడిగాడు. “అమ్మా, నలుగురిని పిలుస్తవా? వాళ్ల కష్టాలు రాసుకోవాలె.”

“ఎందుకు కొడుకా?”

“లీడర్ అయ్యెతందుకు.”

ఈదమ్మ అతన్ని కిందికీ మీదికీ చూసింది. “ఎండల పది నిమిషాలు నిలబడవు. నీకెందుకురా గీ తిప్పలు?” అంది. అంటూనే పిలిచింది, కన్నకొడుకు కదా.

మొదట అరుణమ్మ వచ్చింది. “లీడరువైతున్నవంట గదా బిడ్డా!”

“అవు అరుణమ్మవ్వా, కోశిష్ చేస్తున్న. నీ కష్టం చెప్పు.”

“నల్లా వస్తలేదు.”

కూరగాయల సంగతి అడగబోయిన కమలాకర్ ఆగాడు. మధ్యలో అడ్డురావద్దు, వినడమే లీడర్ లక్షణం అని గురువు చెప్పాడు. “ఎప్పటినుంచి? నల్లా తిప్పితే నీళ్లు రానప్పుడు నీ మనసుకు ఎట్ల అనిపించింది?”

అరుణమ్మకు డెబ్బై ఏళ్లు. ఆమె మనసును ఇంతవరకు ఎవరూ అడగలేదు. కళ్లు తుడుచుకుని అరగంట చెప్పింది. కమలాకర్ పచ్చ చీటీ మీద “నల్లా, అరుణమ్మ, చాలా బాధ” అని రాసి గోడకు అంటించాడు. డిజైనర్ల పద్ధతి అదే. ఆమె తనకూ ఒకటి కావాలంటే ఇంకోటి రాసిచ్చాడు. అరుణమ్మ దాన్ని కొంగుకు ముడేసుకుని వీధి వీధికీ చెప్పింది: “నా నల్లా మంజూరైంది. చీటీ గూడ ఇచ్చిండు.”

బుధవారానికి గేటు దాకా వరుస పెరిగింది. బోరు మోటరు చీటీ, వీధిలైటు చీటీ, పింఛను చీటీ. గోడ నిండిపోయి చీటీలు బీరువాకెక్కాయి. తాను జనంలోకి పోకముందే జనమే తనలోకి వచ్చారని కమలాకర్ ఛాతీ ఉబ్బించుకున్నాడు. కూరగాయలని ఒక్కరూ అనడం లేదన్న అనుమానం ఒకసారి వచ్చింది గానీ, “లీడర్ సాబ్” అన్న పిలుపు చెవిన పడగానే పోయింది. గురువారం మాజీ సర్పంచి బీరన్న స్వయంగా వచ్చాడు.

“ఎందుకు తమ్మీ మనకు లొల్లి? పై పోస్టు నాకిడువు, ఉప పోస్టు నువ్వు తీస్కో.”

“నాకు లీడ్ పోస్టే గావాలె” అన్నాడు కమలాకర్, కంపెనీ ఏ మూల నుంచో బీరన్నతో రాయబారం పంపిందనుకుని. బీరన్న పళ్లు కొరుకుతూ వెళ్లిపోయాడు.

శుక్రవారం పదకొండుకు మీటింగ్ మొదలైంది. తెరమీద మేడం, పక్కన రాకేష్. “మేడం, ఈ వారం నేను జనం మధ్యనే ఉన్నాను” అని కమలాకర్ నోరు తెరిచాడో లేదో, బయట డప్పు మోగింది. సైదులు పది అడుగుల ఫ్లెక్సీతో లోపలికి వచ్చాడు. అందులో “కాబోయే సర్పంచి” అన్న అక్షరాల కింద కమలాకర్ రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. వెనక యాభై మంది.

“కమలాకరన్న నాయకత్వం...”

“వర్ధిల్లాలె గానీ, నా నల్లా ఏదిరా?” అని అరుణమ్మ చీటీ ఊపింది. అంతే, యాభై చీటీలు లేచాయి. నినాదం నిలదీతగా మారింది. “మోటరేది?” “లైటేది?” టేబుల్ కదిలింది, కాఫీ ఒలికింది. కమలాకర్ రెండు చేతులా టేబుల్ పట్టుకుని, “దయచేసి అందరు మ్యూట్ పెట్టుకోండ్రి!” అన్నాడు.

ఎవరూ పెట్టుకోలేదు.

అప్పుడే పని నుంచి వచ్చిన ఈదమ్మ చంకలో ముస్టరుతోనే స్టూలెక్కింది. “ఏ, కూసోండ్రి!” యాభై మందీ కూర్చున్నారు. “అరుణమ్మా, నీ గల్లీల వాల్వు పోయింది, రేపు పొద్దుగాల మనిషిని తోల్త. మోటరు సంగతి సోమవారం మండలాఫీసుకు నేనొస్త, నా ఎంబడి నలుగురు రావాలె. చీటీలు ఇక్కడ పెట్టి పోండ్రి.” మూడు నిమిషాల్లో గది ఖాళీ అయింది. వరుసలో పోయారు కూడా.

తెరమీద మేడం ముందుకు వంగింది. “ఆమె ఎవరు కమలాకర్?”

“మా అమ్మ మేడం.”

“నేను లీడర్‌లో వెతికేది అదే” అని మేడం మీటింగ్ ముగించింది. గంటలో రాకేష్ మెసేజ్ వచ్చింది. పోస్టు ఇంకొకరికి పోయింది. పైగా ఉద్యోగంలో ఉంటూ ఎన్నికల్లో ఎట్లా నిలబడుతున్నావో సంజాయిషీ రాయమన్నారు. ఏడేళ్ల చాకిరీ ఆ రెండు వాక్యాల్లో తేలిపోయింది. కమలాకర్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. చార్టు పీకేద్దామని లేచాడు.

అప్పుడు సైదులు రొప్పుతూ వచ్చాడు. “అన్నా, కొంప మునిగింది! సర్పంచి సీటు ఆడోళ్లకు రిజర్వయింది!” ఫ్లెక్సీ వంక చూసి, వంటింటి వైపు తిరిగాడు. “ఈదమ్మక్కా, నీది ఒక ఫోటో గావాలె. తలకాయొక్కటే అతికిస్త, చేతులు అన్నవే ఉంటయ్.”

“నాకు ముస్టరు పనుంది” అంది ఈదమ్మ. తర్వాత కుప్పగా పడున్న చీటీలను చూసింది. అన్నీ చదివింది. సగం పనులు తాను ఇదివరకే ఎవరినో అడిగి లేదనిపించుకున్నవే. “ఇగ నేనే అడుగుత” అంది.

బీరన్న భార్య మీద ఆమె రెండు వందల పన్నెండు ఓట్లతో గెలిచింది. ఇప్పుడు సాయంత్రాలు కమలాకర్ ఆమెకు చీటీలు రాసిపెడతాడు. అక్షరాలు వంకరపోతే మళ్లీ రాయిస్తుంది. చార్టు పంచాయతీ ఆఫీసు గోడకెక్కింది. దాని మీద ఎవరి పేరూ రాయలేదు గనుక, ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన పని పడలేదు.