పరగడుపు గాంభీర్యం

గొప్పవాళ్లు తొందరపడరు, తొందరపడేవాళ్లు ఎన్నటికీ గొప్పవాళ్లు కాలేరు. వీధిదీపాల శాఖలో ఇంతకు మించిన ధర్మసూత్రం లేదు. దానికి నిలువెత్తు నిదర్శనం ఉపసంచాలకులవారు.

ఆయన గొంతు నూతిలోంచి వచ్చినట్టుండేది. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య గుమాస్తా వెళ్లి టీ తాగి రావచ్చు. నడివేసవిలోనూ శాలువా తీసేవాడు కాదు. ఫైలు తెరిచి కళ్లు అరమోడ్చాడంటే, అది దీర్ఘాలోచనే అనుకుని అందరూ కాళ్ల చప్పుడు కాకుండా నడిచేవారు. ఆయన సొంత వీధితో సహా సగం ఊరు చీకట్లో ఉన్నా, ఆ గాంభీర్యం మాత్రం దేదీప్యమానంగా వెలిగేది. సంచాలకుడి కుర్చీ ఖాళీ కాగానే అది ఆయనదేనని శాఖ శాఖంతా తీర్మానించేసింది. ఆయనకూ ఈ జన్మలో అంతకు మించిన కోరిక లేదు.

ఇంట్లో భార్యకు మాత్రం ఆ గాంభీర్యం మీద పిసరంత గౌరవం లేదు. కంచం ముందు కునికే మనిషిని ఎన్నాళ్లని చూస్తుంది? చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. రక్తపరీక్షలు చూసిన డాక్టరమ్మ ఆయనకు అర్థమయ్యే భాషలోనే చెప్పింది.

"మీ తలలో పిట్యూటరీ అని ఒక పై అధికారి ఉన్నాడండీ. పని చెయ్యమని మెమో మీద మెమో పంపుతున్నాడు. గొంతులో ఉన్న థైరాయిడ్ ఉలకదు, పలకదు. రోజూ పరగడుపున ఈ మాత్ర వేసుకోండి. ఆ తర్వాత గంటదాకా కాఫీ ముట్టుకోకూడదు."

అంటే ఇన్నేళ్ల గాంభీర్యం ఒట్టి రోగమా? ఆయన మనసు చివుక్కుమంది. కానీ రోజూ మాత్ర మింగేదాకా భార్య ఎదురుగా నిలబడేది, గంట అయ్యేదాకా కాఫీ గ్లాసు తన దగ్గరే ఉంచుకునేది. తప్పించుకునే దారి లేకపోయింది.

కొన్ని వారాలకు శాలువా జారింది, గొంతు విచ్చుకుంది. మెట్లు రెండేసి ఎక్కడం మొదలుపెట్టాడు. ఒక్క పూటలో ఫైళ్ల దొంతర ఖాళీ చేశాడు. ఏళ్లుగా చీకట్లో మగ్గిన బజారులో దీపాలు వెలిగాయి. పెళ్లినాటి మనిషి తిరిగొచ్చాడని భార్య సంబరపడింది.

ఆఫీసు గతుక్కుమంది. ఇంత చురుగ్గా సంతకాలు పెడుతున్నాడంటే చేతికి ఏదో ముట్టే ఉంటుందని గుసగుసలు బయలుదేరాయి. చివరికి హెడ్ గుమాస్తా తలుపు దగ్గరగా వేసి, మంచి కోరి ఒక మాట చెప్పాడు.

"అయ్యా, తప్పుగా అనుకోకండి. మీరలా వడివడిగా నడుస్తుంటే మాకే చిన్నతనంగా ఉంది. ఇలాగైతే కుర్చీ చేజారిపోతుంది."

మాత్ర మానేద్దామా అంటే భార్య ఊరుకోదు. పైగా మెలకువగా బతకడానికి ఆయనే రుచి మరిగాడు. ఇంట్లో మాత్ర, ఆఫీసులో నటన అని తనతో తనే రాజీకొచ్చాడు. ఫైలు చిటికెలో చదివేసి, మధ్యాహ్నందాకా దాని మీద కళ్లు మూసుకుని కూర్చునేవాడు. శాలువా కింద చెమటలు కారుతున్నా వణికేవాడు. తర్వాతి వంతు సొంత వీధిదే అయినా, ఆ ఫైలూ అలాగే ఆగిపోయింది. ఆయన కీర్తి మళ్లీ మార్మోగింది.

ఎంపిక సంఘం తెల్లవారుతూనే సమావేశమైంది. అధ్యక్షులవారు ప్రశ్న పూర్తి చేసేలోగా అభ్యర్థులు జవాబు మరిచిపోతారని ప్రతీతి. ఆయనకు అటూ ఇటూ ఇద్దరు సభ్యులు, ఎదురుగా ఉపసంచాలకుడు, నలుగురికీ శాలువాలు. బంట్రోతు పొగలు కక్కే కాఫీలు పెట్టి తలుపు వేసుకుని వెళ్లాడు.

ఎవరూ ముట్టుకోలేదు. అధ్యక్షులవారు కప్పును ఒక వేలితో అవతలికి నెట్టి గోడ గడియారం చూశారు. సభ్యులిద్దరూ నెట్టారు, చూశారు. అప్పటికే తన కప్పు నెట్టేసి గడియారం వంక చూస్తున్న ఉపసంచాలకుడు బిగుసుకుపోయాడు. నలుగురి చూపులూ కలిశాయి.

"పరగడుపునేనా?" అన్నారు అధ్యక్షులవారు, గుక్క తిప్పుకోకుండా.

"ఇంకో పావుగంట ఉందండీ."

"మాకూ అంతే. అందాకా గంభీరంగా ఉందాం."

ఉన్నారు. ఆ తర్వాత శాలువాలు కుర్చీల మీద పడేసి, చల్లారిన కాఫీలు తాగి, గలగలా నవ్వుకుంటూ క్షణాల్లో నియామకం తేల్చేశారు. బంట్రోతు తలుపు తట్టగానే శాలువాలు మళ్లీ భుజాలెక్కాయి. విషయం లోతుగా పరిశీలనలో ఉందని ప్రకటన వెలువడింది.

ఆ సాయంత్రం ఆయన చీకటి వీధిలో తడుముకుంటూ ఇల్లు చేరి, కుర్చీ తనదేనని భార్య చెవిలో వేశాడు.

"సంతోషమండీ. మరి మన వీధిలో దీపం ఎప్పుడు వేయిస్తారు?" అంది ఆవిడ.

మాత్ర మొదలుపెట్టాక ఆయన ఇంట్లో మొట్టమొదటిసారిగా శాలువా భుజాల మీదికి లాక్కుని, కళ్లు అరమోడ్చాడు.