సంప్రదాయంలో తప్పిన అత్తగారు

కొండ దిగువన, చెరువు పక్కన కాపురముంటున్న ఆదివాసీ కుటుంబం తన సొంత సంప్రదాయం పరీక్షలో నూటికి ఇరవై తొమ్మిది మార్కులు తెచ్చుకుని తప్పిందని తెలియజేయడానికి చింతిస్తున్నాము. ముత్తాతల నాటి నుంచి తుంగచాపలు నేస్తున్న ఇల్లది. అయితే ఏం? ఆ ముత్తాతలూ పరీక్ష రాసినవాళ్ళు కారు. వాళ్ళ విషయంలో సంప్రదాయాలను పరిరక్షించే శాఖవారు తుది నిర్ణయం ఇంకా తీసుకోలేదు.

ఈ దుర్వార్త ముందుగా అందుకున్నది ఆ ఇంటి కోడలు. శనివారం శనివారం అతిథులను ఇంటికి పిలిచే ఏర్పాటు ఆమెదే. పదీ పన్నెండు మంది వచ్చేవారు. ముందు గదిలో నేల మీద కూర్చోబెట్టి, అత్తగారు వాళ్ళ చేతికి తడి తుంగ ఇచ్చేది. సాయంత్రానికి ఒక్కొక్కరూ కంచమంత చాప నేసేవారు. అది ఏ వైపు నుంచి చూసినా చాపలా ఉండేది కాదు, అయినా గుండెకు హత్తుకుని పట్టుకెళ్ళేవారు. లారీ మెకానిక్ అయిన కొడుకు చేతుల గ్రీజు కడుక్కుని వచ్చి, చేపల బుట్ట అల్లి చూపించేవాడు. కోడలు పెట్టుకున్న నియమం ఒక్కటే: ఎవరూ రాకపోయినా మనం చేసుకునే పనే, వచ్చినవాళ్ళకూ చూపించాలి.

అత్తగారికి ఆ శనివారాలంటే ప్రాణం. తమ తెగలో ఆడపిల్లలు చాప నేయడం మానేసి చాలాకాలమైంది. వారమంతా మగ్గం ముందు ఒంటరిగా కూర్చునే మనిషి, నేస్తూ పాడే పాటల కోసం శుక్రవారం నుంచే గొంతు సవరించుకునేది.

ఇలాంటి ఇళ్ళకు అనుమతి పత్రం ఉండాలని శాఖవారు నిర్ణయించారు. పరిశీలనాధికారి నలభై ప్రశ్నల ఫారంతో వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విడిచాడు. ఇంట్లో కుట్టుమిషన్ కనబడింది, అయిదు మార్కులు పోయాయి. గోడ గడియారానికి మూడు. అది సరైన టైము చూపిస్తున్నందుకు మరో రెండు. అత్తగారి కళ్ళజోడు సంప్రదాయానికి విరుద్ధం కాబట్టి తీసేసి నేయమన్నాడు. ఆమె తీసేసి నేసింది. పక్కనే కూర్చున్న అధికారి చొక్కా అంచును కూడా కలిపి నేసేసింది. దీనికి మార్కులు కలపాలో తీసెయ్యాలో ఫారంలో లేదు.

చివరి ప్రశ్నకు ఇరవై మార్కులు. అధికారి చాప మధ్యలో ఉన్న వంకర గీత మీద వేలు పెట్టాడు.

"ఈ గీతకు అర్థం ఏమిటమ్మా?"

"అర్థమేముంది బాబూ, అక్కడ ఎర్ర తుంగ అయిపోయింది."

అధికారి విచారంగా సున్న చుట్టాడు. శాఖవారి ప్రామాణిక గ్రంథం నూట పద్నాలుగో పేజీ ప్రకారం ఆ గీత దారి తప్పిన పూర్వీకుల ఆత్మలు దాటే నది. గ్రంథం రాసిన పండితుడు ఒకప్పుడు ఈ గదిలోనే కూర్చుని ఈ ప్రశ్నే అడిగాడు, అత్తగారు ఈ జవాబే చెప్పింది. అది ఒక పేజీకి సరిపోదని తోచి, ఆయన తగినంత పెంచి రాసుకున్నాడు.

అయినా శాఖవారిది జాలిగుండె. తప్పినవారికి మూడు వారాల ఉచిత శిక్షణ, ఆపైన మరో పరీక్ష. అత్తగారు రోజూ కోడలితో బస్సెక్కి పట్నం వెళ్ళి మొదటి బెంచీలో కూర్చుంది. శిక్షకురాలు తెర మీద బొమ్మలు చూపిస్తూ చాప నేర్పింది. మూడో రోజు ప్లాస్టిక్ పోచల్లో ఆమె వేళ్ళే ఇరుక్కుపోతే, విద్యార్థిని అయిన అత్తగారు లేచి వెళ్ళి విడదీసింది. తరగతిలో అనుమతి లేకుండా లేచినందుకు విద్యార్థినికి లిఖితపూర్వక హెచ్చరిక అందింది.

రెండో పరీక్ష నాడు బస్సులో కోడలు నెమ్మదిగా కదిపింది.

"అత్తయ్యా, గీత గురించి అడిగితే ఆత్మల నది అని ఒక్క మాట అనెయ్యండి."

"అబద్ధమాడమంటావా?"

"అబద్ధం కాదత్తయ్యా, సిలబస్."

"రంగు అయిపోతే ఉన్నదాంతో కానియ్యి, చాప మాత్రం ఆపకు అనేది మా అమ్మ. అదేనే ఆ గీత. దాన్ని పట్టుకుని నదీ గిదీ అంటే నా నోరు నాకే నవ్వు తెప్పిస్తుంది."

కోడలికి ముఖం చెల్లలేదు. ఇంక అడగలేదు. అత్తగారు మళ్ళీ తప్పింది.

ఫలితాల సభలో శాఖాధిపతి ప్రసంగించాడు. "మహాజనులారా! మన సంప్రదాయాన్ని దాని సొంతదారుల బారి నుంచి కాపాడుకోవడం మనందరి పవిత్ర కర్తవ్యం!" చప్పట్లు మారుమోగాయి. అలవాటు కొద్దీ అత్తగారు కూడా కొట్టింది. ఆ ఇంట సంప్రదాయం లేదని రుజువైనందున అక్కడ సందర్శకులను అనుమతించరాదని ఉత్తర్వు వెలువడింది.

శనివారం రానే వచ్చింది. సంగతి తెలియని పద్నాలుగు మంది గేటు ముందు నిలబడ్డారు. లోపల అత్తగారు తుంగ తడపకుండా, మగ్గం వైపు చూడకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోడలు అది చూసి తట్టుకోలేకపోయింది. ఉత్తర్వు తీసి మూడుసార్లు చదివింది. సందర్శకులు రాకూడదని ఉంది. చుట్టాలు రాకూడదని ఎక్కడా లేదు.

ఆమె గేటు తీసింది. "రండి వదినా, ఏం అన్నయ్యా, ఇంత ఆలస్యమా?"

అరగంటలో అందరికీ వరసలు కుదిరాయి. బ్యాంకు మేనేజరు మరిదయ్యాడు. ఇద్దరు రిటైరైన పంతులమ్మలు పిన్నులయ్యారు. కొత్తగా పెళ్ళయిన కుర్రాడికి అల్లుడి హోదా దక్కింది. దక్కిన పది నిమిషాలకే, తనను ఎవరూ సరిగా పలకరించలేదని అలిగి వసారాలో కూర్చున్నాడు. చుట్టాలు కాబట్టి తిన్న కంచాలు వాళ్ళే కడిగారు, కడుగుతూ పక్కవాళ్ళు సరిగా కడగలేదన్నారు. అత్తగారు ఆ రోజు రెండు పాటలు ఎక్కువ పాడింది. మరుసటి వారం నలభై మంది చుట్టాలు దిగారు.

ఫిర్యాదు వెళ్ళింది. ఆ పై శనివారం అధికారి ఫారంతో హాజరు.

"వీళ్ళంతా ఎవరు?"

"చుట్టాలండీ," అంది కోడలు.

"రుజువు?"

సరిగ్గా అప్పుడే పిన్నులిద్దరూ ఒకరికి మంచి తుంగ ఇచ్చి మరొకరికి పుల్లలు ఇచ్చారని పోట్లాడుకుంటున్నారు. అందులో ఒకావిడ ఎప్పుడో జరిగిన అవమానం కూడా బయటికి తీసింది. వాళ్ళిద్దరికీ పరిచయమై రెండు వారాలే. అధికారి కాసేపు శ్రద్ధగా విని, చుట్టాలేనని రాసుకున్నాడు.

"నువ్వు మాత్రం పరాయివాడివా? కూర్చో, మేనల్లుడా," అంది అత్తగారు. ఆయన మొహమాటపడుతూనే కూర్చున్నాడు. ఆమె ఆయన వేళ్ళు పట్టుకుని పోచ ఎలా తిప్పాలో చూపించింది. పది వరసలు పడేసరికి ఆ మనిషి ముఖంలో నలభై ప్రశ్నలూ మాయమయ్యాయి.

"ఎంత హాయిగా ఉందండీ! ఇలా ఒక పెద్దావిడ పక్కన కూర్చోవడం కోసం ఎంత దూరమైనా రావచ్చు."

"నీకు సొంత మేనత్త లేదా నాయనా?"

"ఉందండీ. మా ఆఫీసుకు రెండు వీధుల అవతలే."

"వెళ్తుంటావా?"

ఆయన చేతిలో పోచ ఆగింది.

"ఆవిడ ఇల్లు చూడదగ్గ స్థలాల జాబితాలో లేదండీ," అన్నాడు.

గదినిండా ఉన్న చుట్టాలు ఫక్కున నవ్వబోయి, మధ్యలోనే ఆగి, ఎవరి చాప మీదికి వాళ్ళు వంగారు.