పొట్టి గుంజ నీడ

ఒక పెద్ద అడవిలో మూడు వాగులు కలిసేచోట అత్యవసర వైద్యశాల ఒకటి ఉండేది. దాని బోర్డు ఏనుగంత. లోపల నర్సు మాత్రం ఒక్కతే, ముంగిస సూరమ్మ. మునుపు ముగ్గురుండేవారు. ఖర్చు తగ్గించాలని ఇద్దరిని తీసేసి, ఖర్చు తగ్గిందో లేదో చూడటానికి నలుగురు గుమస్తాలను వేశారు.

పాముకాటైనా, గొంతులో ఎముకైనా, కొమ్మ విరిగి పడ్డా సూరమ్మే చూడాలి.

వాకిట్లో నిలువెత్తు గుంజ ఒకటి పాతి ఉండేది. రోగి రాగానే గుమస్తా ఉడుత ఆ గుంజ నీడ కొసన ఒక గీత గీసేవాడు. లోపలికి పిలిచాక మరో గీత. రెండింటి మధ్య ఎన్ని జానలుంటే అంతసేపు కాచుకున్నట్టు లెక్క.

ఆ లెక్క ఆరు జానలు దాటింది.

"పడ్డప్పుడు ఒక కాలే నొప్పి. ఇక్కడ నిలబడ్డాక రెండోదీ మొదలైంది," అన్నాడు వరుసలోని కొండముచ్చు.

సంగతి సింహం రాజు చెవిన పడింది. "ఇకనుంచి మూడు జానలు దాటితే సూపరింటెండెంటు కుర్చీ దిగాలి!" అని గర్జించాడు.

సూపరింటెండెంటు నక్క రొప్పుతూ సూరమ్మ దగ్గరికొచ్చాడు.

"ఇంకో ముంగిసను ఇప్పించండి సార్. లేకపోతే ఇవాళో రేపో నా కళ్లముందే ఎవరో ఒకరు పోతారు," అంది సూరమ్మ.

"మళ్లీ అదే పాటా? ఉన్నదాంట్లో సర్దుకోవడమే పరిపాలనంటే, అమ్మా!"

నక్క వాకిట్లో నిలబడి రోగుల వరుస చూశాడు. గుంజను చూశాడు. ఏనుగును పిలిపించి గుంజను మోకాలెత్తుకు విరగ్గొట్టించాడు.

పొట్టి గుంజకు పొట్టి నీడ. పొద్దు ఎంత తిరిగినా దాని కొస జానెడు జరిగితే గొప్ప. రోగులు ఎప్పటిలాగే కాచుకున్నారు. లెక్క మాత్రం జానెడుకు దిగింది. సింహం మురిసిపోయి నక్క మెడలో దండ వేశాడు.

ఒక మధ్యాహ్నం సూరమ్మ పాము కరిచిన కుందేలు కాలు పట్టుకుని ఆకుపసరు పిండుతోంది. చెయ్యి తీస్తే కుందేలు దక్కదు. సరిగ్గా అప్పుడే బయట కేక.

"సూరమ్మా! తోక మీద నాగుపాము కాటేసింది! తొందరగా రా తల్లీ!"

నక్క గొంతు. సూరమ్మ తలుపు వైపు చూసింది. కుందేలు రెప్పలు వాలిపోతున్నాయి.

"ఉన్నవి రెండు చేతులే సార్! రెండూ ఇక్కడే ఉన్నాయి!" అని అరిచింది.

బయట ఉడుత శ్రద్ధగా నీడ కొలుస్తున్నాడు.

"ఏం కొలుస్తున్నావురా? ప్రాణం పోతోంది!"

"కంగారు పడకండి సార్. మీరొచ్చి రెండు వేళ్లే అయింది. మూడు జానలకు ఇంకా బోలెడు టైముంది."

"ఆ గుంజ పొట్టిదిరా!"

"అలాంటి మాట రికార్డులో లేదు సార్."

కుందేలు కళ్లు తెరిచాక గానీ సూరమ్మ బయటికి రాలేకపోయింది. అప్పటికి విషం తోకంతా పాకింది. తోక కోసేసి నక్క ప్రాణం నిలిపింది.

పరామర్శకు వచ్చిన సింహం రిజిస్టరు తిప్పాడు. "నాలుగు వేళ్లసేపు కాచుకుంటేనే తోక పోయిందా? అయితే తప్పు నర్సుదే. సంజాయిషీ అడగండి!"

సూరమ్మ నక్క వైపు చూసింది. గుంజ సంగతి ఒక్క ముక్క చెబితే చాలు. నక్క నోరు తెరిచాడు. తన కుర్చీ వైపు చూశాడు. నోరు మూశాడు.

సూరమ్మ పసరు గిన్నె కడిగి బోర్లించింది.

"సంజాయిషీ ఎందుకు లెండి. రేపటినుంచి ఇక్కడ ఎవరూ కాచుకోనక్కర్లేదు," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

అన్నట్టే అయింది. నర్సు లేదని తెలిసి రోగులు రావడం మానేశారు. ఉడుతకు గీత గీసే పనే లేకపోయింది. రిజిస్టరు నిండా సున్నాలు చూసి సింహం ఈసారి రెండు దండలు పంపాడు. ఊపడానికి తోక లేక, నక్క తలే ఊపుతూ వాటిని అందుకున్నాడు.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఒక్కటే: వైద్యం చేసేవాళ్లను పూర్తిగా వదిలించుకుంటే, ఆసుపత్రికి పట్టిన ఆలస్యం జబ్బు పూర్తిగా నయమవుతుంది.